మోకాలి కింద పీట

నేను ఒక పీటను. పెళ్ళిపీటను కాను, పూజపీటనూ కాను. కారు వెనక సీటు మీద నన్ను బిగిస్తారు, నా మీద పసిపిల్లల బుట్టసీటు టక్కున కూర్చుంటుంది. చూడ్డానికి నల్లటి ప్లాస్టిక్ దిమ్మను. నా ఉద్యోగం మాత్రం దెబ్బలు తినడం.

నేను పుట్టిన కర్మాగారంలో ప్రతి వరుసలోంచీ కొందరిని ఏరి, మీద బొమ్మబిడ్డను కూర్చోబెట్టి, పట్టాల మీద వేగంగా తోసి ఒక్కసారిగా ఆపేవారు. నా కంటే ముందు పుట్టినవాడు నా కళ్ళెదుటే రెండు ముక్కలయ్యాడు. తెల్లకోట్ల వాళ్ళు ఆ ముక్కలను కొలిచి, తలలూపి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. అలా మా అన్నలను చంపి మరీ, మమ్మల్ని ఎలా బిగించాలో రాసిన కాగితాన్ని మాతో పాటు పెట్టెలో పెడతారు. కొన్నవాళ్ళలో దాన్ని చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

విశాఖపట్నంలో హరగోపాల్ అనే ఉద్యోగి నన్ను కొన్నాడు. అతని భార్య సత్యవేణి, మూడు నెలల కూతురు ధాత్రి. అతనికి కూతురంటే ప్రాణం. కొత్త కారు సీట్లకు తొడిగించిన మందపాటి తోలు కవర్లన్నా అంతే ప్రాణం. సీటు సందులో నాలాంటి వాళ్ళ కోసమే రెండు ఇనప కడ్డీలు ఉన్నాయి. ఆ కవర్లు వాటిని పూర్తిగా మూసేశాయి. నేను తోలు మీద గీతలు పెడతానని హరగోపాల్ నా కింద తువ్వాలు మడిచి పరిచాడు, బెల్టు వదులుగా చుట్టాడు, నా వీపు మీద తట్టి "చాలు" అన్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా నేను తువ్వాలు మీద జారేవాణ్ణి. పైన పాప మెడ ఊగేది. నాకు భయం వేసేది, అంతకు మించి ఒళ్ళు మండేది.

పదిరోజుల తర్వాత సత్యవేణి అన్న కోదండం వచ్చాడు. రేవులో ట్రెయిలర్ల మీద ఉక్కు చుట్టలను గొలుసులతో కట్టడం అతని పని. ఓసారి గొలుసు తెగి అతని ఎడమచేతికి రెండు వేళ్ళు పోయాయి, పక్కన నిలబడ్డవాడి ప్రాణమే పోయింది. అతను కారులోకి వంగి నన్ను ఒంటిచేత్తో ఊపాడు. జానెడు జరిగాను.

"ఏటి బావా ఇది? పిల్లనిలాగేనా కట్టీది?"

తువ్వాలు పీకి బయట పారేశాడు. జేబులోంచి కత్తి తీసి తోలు కవరును అడ్డంగా చీల్చేశాడు. హరగోపాల్ పరుగున వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు.

"పిచ్చెక్కిందా నీకు? కొత్త కారది!"

"కవరు కుట్టించుకో బావా. పిల్ల మెడిరిగితే ఎవడు కుడతాడు?"

హరగోపాల్ లాగి చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. కోదండం తిరిగి చెయ్యెత్తలేదు. నెత్తురు ఉమ్మి, నా కొక్కేలను ఆ కడ్డీలకు తగిలించి, మోకాలు నా గుండెల మీద మోపి ఒంటి బరువంతా వేశాడు. నా లోపల ఏదో కరకరలాడింది. మళ్ళీ ఊపి చూశాడు. నేను గోరంత కూడా కదల్లేదు. కొట్టినవాడి మీద కోపమూ నన్ను నలిపినవాడి మీద ప్రేమా నాకు ఒకేసారి పుట్టాయి.

బావలిద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. కవరు కుట్టించడానికి కారు షాపుకెళ్ళింది. ఆ వారమే విజయనగరం నుంచి ధాత్రి నాయనమ్మ పాపను చూడాలని కబురు పెట్టింది. కోదండం తన పాత కారు తెచ్చాడు. అందులో కడ్డీలు లేవు, సీటు నడుమ గుంట పడి ఉంది, ఉన్నది ఒక్క బెల్టే. ఎర్రటి ఎండలో అరగంట సేపు నాతో కుస్తీ పట్టాడు. బెల్టును నా నడుములోంచి దూర్చి, మోకాలితో తొక్కి, లాగి, నచ్చక విప్పి మళ్ళీ కట్టాడు. వేళ్ళ కణుపులు నా అంచుకు గీసుకుని తోలు లేచింది. నన్ను పచ్చిబూతులు తిట్టాడు. నేనూ మనసులో తిట్టాను. చివరికి కారూ నేనూ ఒకటైపోయాం.

"నువ్వూ బెల్టెట్టుకోయే," అని వెనక కూర్చున్న చెల్లెల్ని కసిరాడు.

"మరి నువ్వో?"

"నాకేటవుద్దే!"

తగరపువలస దాటాక ఎదురు దారిలో ఒక లారీ మా మీదికే వచ్చింది. బెల్టు నా నడుమును కోసుకుంటూ బిగిసింది. నేను లోపల ఫట్‌మని చిట్లాను, కానీ చోటు వదల్లేదు. గాజు పగిలింది. సత్యవేణి కుడిచెయ్యి విరిగింది. నా మీద ధాత్రి గుక్కపెట్టి ఏడుస్తోంది, ఒంటి మీద ఒక్క గీత లేదు. ముందు సీటు ఖాళీగా ఉంది. కోదండం రోడ్డు మీద పడి ఉన్నాడు, మళ్ళీ లేవలేదు.

సంగతి తెలిసి హరగోపాల్ వచ్చి నన్ను విప్పబోయాడు. ఎంత గింజుకున్నా ఆ కట్టు ఊడలేదు, బెల్టు కోయాల్సి వచ్చింది. తర్వాత అతను తన కుడిచేతిని కారు తలుపుకేసి నెత్తురు వచ్చేదాకా బాదుకున్నాడు. ఎవరూ ఆపలేదు.

నెల తిరిగాక ఎదురింటి మహలక్ష్మమ్మ గారు నన్ను వరండాలో చూశారు.

"ఊరికే పడుందిగా అమ్మా, మా అమ్మాయి నెలలు నిండుతున్నాయి. మాకివ్వరాదూ?"

"లోపల విరిగిపోయిందండీ. పైకి తెలీదు," అంది సత్యవేణి.

"బంగారంలా ఉంటే విరిగిందంటావేంటి? ఇష్టం లేకపోతే లేదను!"

ఆవిడ నన్ను చంకన పెట్టుకోబోయారు. సత్యవేణి నన్ను లాక్కుని పెరట్లో పడేసింది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఎడమచేత్తో పచ్చడిబండ ఎత్తి నా నడుము మీద కొట్టింది.

"నువ్వెందుకు పెట్టుకోలేదన్నయ్యా?"

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే అడిగింది. మహలక్ష్మమ్మ గారు గోడ దాకా వెనక్కి జరిగారు. ఎన్ని దెబ్బలో నాకు గుర్తులేదు. పాత సామాన్ల కొట్టు వెనక గుట్టలో ఇప్పుడు రెండు ముక్కలుగా పడి ఉన్నాను. ఆ రోజు నేను మొండికేయలేదు. ఆమె ఒంటిచేతికి అందేలా, తొందరగా విరిగాను.