లింబాద్రి చూపించిన చోటు

నేను ఒక గాలం కర్రను. జాతికి వెదురును, గుణానికి కోపిష్టిని. రెండో సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత నా మాట తీరు బాగాలేదని నొచ్చుకోవద్దు. మీకు కోపం వస్తే అరుస్తారు, తలుపులు విసిరి కొడతారు, అన్నం మీద అలుగుతారు. నాకు ఆ సౌకర్యాలేవీ లేవు. వంగడమో విరగడమో తప్ప నాకు మరోటి చేతకాదు.

నన్ను తయారు చేసింది మేదరి నర్సవ్వ. బుట్టలకు పనికిరాని సన్నపు వెదురునని మోపులోంచి తీసి పక్కన పడేసింది. తరవాత ఏం తోచిందో, నిప్పుల సెగకు పట్టి కణుపు కణుపునా వంకర తీసి, ఆముదం రాసి, అంగడిలో గోడకు ఆనించి నిలబెట్టింది. నన్ను కొన్న మొదటి మనిషి తహశీల్ ఆఫీసు గుమాస్తా. కడుపునొప్పి అని సెలవు పెట్టి చెరువు గట్టుకు వచ్చేవాడు. ఎర కట్టడం రాదు, ఒక్కచోట కుదురుగా కూర్చోవడం రాదు, చేప పడకపోతే మాత్రం కర్ర మంచిది కాదనేవాడు. ఆయనకు బదిలీ అయ్యింది. ప్యాంట్లు తీసుకోవడానికి టైలర్ సాయన్న దుకాణానికి వచ్చి, ప్యాంట్లు తీసుకుని నన్ను మరిచిపోయాడు. నా జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక మేలు అది.

సాయన్న నా అసలు యజమాని. బస్టాండు పక్కన చిన్న దుకాణం, పొద్దంతా మిషన్ మీద వంచిన తల. ఆయన స్నేహితుడు లింబాద్రి బస్సు కండక్టరు. చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లు. సెలవు దొరికిన పొద్దల్లా ఇద్దరూ ప్రాజెక్టు నీళ్ల ఒడ్డుకు చేరేవాళ్లు. వాళ్లకు కావలసింది కొర్రమట్ట. ఆ నల్లటి మొండి చేప తామరాకుల నీడన కాపు కాసి, కప్పపిల్ల కదిలితే చాలు మీద పడుతుంది. దాన్ని లాగేటప్పుడు నా నడుము విరిగినంత పనయ్యేది. అయినా ఆ రోజుల్లో నాకు కోపం రాలేదు.

ఎందుకంటే సాయన్నకు ఒక నియమం ఉండేది. కొర్రమట్ట పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి. గుంపుగా నీళ్ల మీదికి వచ్చి గాలి పీల్చుకుని పోతుంటాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టడం పసిపిల్లలు కూడా చేసే పని. పిల్లల దగ్గర ఏది కదిలినా అది ఆకలితో కాదు, తరిమేయడానికి వచ్చి కొరుకుతుంది. ఎర్రపిల్లలు కనబడితే సాయన్న నన్ను ఎత్తి భుజాన వేసుకుని వేరే చోటికి నడిచేవాడు. లింబాద్రి గొణుక్కుంటూ వెంట వచ్చేవాడు. ఒకసారైనా కాదనలేదు.

తరవాత సాయన్న కళ్లు పోయాయి. ఏదో నరం ఎండిపోయిందని హైదరాబాదు డాక్టర్లు తేల్చారు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. దుకాణం మూతపడింది. మిషన్ మీద గుడ్డ కప్పారు. మిగిలింది నేనూ, లింబాద్రీ. లింబాద్రి రిటైరై ఉన్నాడు, తన బండి మీద ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చేవాడు. ఎడమకు రెండు మూరలు, ఇంకొంచెం ముందుకు, అక్కడ ఆకుంది జాగ్రత్త, అని చెబుతుంటే సాయన్న గాలం వేసేవాడు. ఎక్కువసార్లు ఆకులకే తగులుకునేది. వాన కాలం వెళ్లి ఎండ కాలం వచ్చినా ఒక్క చేపా పడలేదు. సాయన్న పైకి నవ్వేవాడు. ఆయన పట్టు రోజురోజుకూ సడలడం నాకు తెలుస్తూనే ఉంది.

ఆ పొద్దుకు తొలివాన పడి వెలిసింది, నీళ్లు మసకగా ఉన్నాయి. లింబాద్రి గట్టున నిలబడి చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. నేనూ చూశాను. తుంగ పక్కన, చాటంత మేర, నీళ్లు ఎర్రగా కదులుతున్నాయి. ఆ ఎరుపు కింద నల్లటి వీపు ఒకటి మెల్లగా తిరుగుతోంది. లింబాద్రి చూడలేదనుకోవడానికి లేదు. చూశాడు, సాయన్న ముఖం వైపు ఒకసారి తిరిగాడు, మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు.

"గాడ, తుంగ పక్కన," అన్నాడు. "జర ముందుకెయ్. మస్తు జాగ."

నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు ఉంటే ఆ ఒడ్డంతా దద్దరిల్లేలా అరిచేవాడిని. సాయన్న నన్ను ఎత్తాడు. గాలి నా మీద ఎదురు వీచినా, ఏ తుంగపోచ తంగూసు దారాన్ని పట్టుకున్నా బాగుండేది. ఇన్నాళ్లూ ఆకుల్లో చిక్కుకున్న గాలం ఆ రోజు మాత్రం తిన్నగా వెళ్లి ఆ ఎర్రపిల్లల నడుమ పడింది.

ఎరగా కట్టిన కప్పపిల్ల మునగనే లేదు, దెబ్బ పడింది. మింగే చేప లాగుడు వేరు. ఇది కొట్టింది. ఆ కోపం దారం వెంట వచ్చి నా కొస నుంచి మొదలు దాకా కొట్టుకుంది. సాయన్న చేతికి అందేలా ఒళ్లంతా వణికాను. నాకు తెలిసిన భాష అదొక్కటే. అందింది కూడా. ఆయన ఒక్క క్షణం ఆగి, ఇదేంది ఇట్ల కొట్టిందని అడిగాడు. ఆకలి మీదున్నట్టుంది, గుంజు గుంజు, అన్నాడు లింబాద్రి. సాయన్న గుంజాడు. మోచేతంత చేప గడ్డిలో పడి ఎగిరింది. లింబాద్రి దాన్ని పట్టుకుని ఆయన చేతుల్లో పెట్టాడు. సాయన్న దాని తల తడిమి, మొప్పలు తడిమి, తోక దాకా తడిమి, ఆడపిల్ల పెళ్లి కుదిరినవాడిలా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మంట పుట్టింది. ఆయన మీద కాదు.

ఇంతలో సాయన్న తల పక్కకు తిప్పాడు.

వాన పడుతుందా అని అడిగాడు. లేదన్నాడు లింబాద్రి. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కానీ నీళ్ల మీద టపటపా సన్నటి చినుకుల చప్పుడు. కాపలా పోయిన ఎర్రపిల్లలు బెదిరి ఒక్కసారే పైకి ఎగబడుతున్నాయి. వాటిని మింగడానికి వేరే చేపలు చేరాయి. చప్పుడు ఒకచోట పల్చబడి, ఇంకోచోట చిక్కనై, మళ్లీ పల్చబడింది. సాయన్న ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది.

ఆయన చేప నోట్లోంచి కొక్కెం తీశాడు. ఆ చప్పుడును పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, చేపను రెండు చేతులా నీళ్లలో ఆనించి పట్టుకున్నాడు. కాసేపు అది కదల్లేదు. తరవాత తోక ఆడించి జారిపోయింది. అప్పటికి ఆ చినుకుల చప్పుడు చాలా తగ్గిపోయింది.

"నీకు కనవడ్డయా?" అన్నాడు సాయన్న, నీళ్లలోంచే.

లింబాద్రి నసిగాడు. తరవాత ఒప్పుకున్నాడు. ఏడాది నుంచి ఒక్కటీ పడలేదు, నీ ముఖం చూడబుద్ధి కాలేదు, ఒక్కటన్న పడితే నీ పానం కుదుటపడుతదనుకున్న, అన్నాడు. అది నిజమేనని నాకు తెలుసు. తెలిసినా నాకు జాలి కలగలేదు. ఒకడికి సంతోషం ఇవ్వాలనుకుని వాడిని మోసం చేసే హక్కు మీకెవరిచ్చారు?

"నా కండ్లు పోయినయ్ లింబాద్రీ," అన్నాడు సాయన్న. "నీ కండ్లున్నయి కదా అని ధైర్యంగున్న. ఇయ్యాల అవి గూడ పోయినయ్."

ఒడ్డుకు వచ్చి, పళ్లతో తంగూసు కొరికి, కొక్కెమూ బెండూ తెంపి పారేశాడు. నన్ను తిరగేసి, లావుపాటి మొదలును నేలకు ఆనించాడు. బండెక్కమని లింబాద్రి బతిమాలాడు. చేయి పట్టుకోబోయాడు. సాయన్న చేయి విదిలించుకుని, నన్ను ముందు తాటిస్తూ గట్టు దారి పట్టాడు. నా మొదలు మట్టికి కొట్టుకుంటుంటే, ఇన్నేళ్లకు నా గతి ఇదా అని లింబాద్రిని మనసారా తిట్టుకున్నాను. లింబాద్రి బండి తోసుకుంటూ మా వెనకే వచ్చాడు.

గట్టు దిగే చోట వెనక నుంచి లింబాద్రి గొంతు వినిపించింది.

"ముందట కాలువున్నది, పైలం."

సాయన్న ఆగాడు. ఇన్నాళ్లూ ఆ గొంతు ఆగమంటే ఆగినవాడు, అడుగు వెయ్యమంటే వేసినవాడు. ఆ రోజు నన్ను ముందుకు చాపి, అక్కడ నిజంగా కాలువ ఉందో లేదో పొడిచి చూశాడు.