ఆమె తట్టుకోగలదా?

ఎన్నికల బోర్డులు పాతడానికి ఊళ్ళో సగం మంది వస్తారు. ఓడిపోయాక వాటిని పీకడానికి మాత్రం పెళ్ళామే దిక్కు. ఆగస్టు ఎండలో ఆర్డిస్ ఇంటింటి ముంగిట్లోంచీ మొగుడి పేరున్న బోర్డులు పీకి వ్యాన్లో పడేస్తోంది. ఇనప కాళ్ళు గీరుకుని అరచేతులు మండుతున్నాయి. హార్లన్ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. "నేను పీకుతుంటే జనం చూస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు పొద్దున. ఆమె పీకుతుంటే జనం చూసినా ఫరవాలేదు కాబోలు.

రాష్ట్ర శాసనసభ సీటు కోసం ఒకే పార్టీలోంచి ఇద్దరు తలపడ్డారు, హార్లన్, నోరీన్. మిన్నెసోటాలో అసలు ఎన్నిక నవంబరులో. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆగస్టులోనే ఓటర్లు తేల్చేస్తారు. నోరీన్ అని తేల్చారు.

నోరీన్ ఆర్డిస్ స్నేహితురాలు. చర్చి వంటగదిలో ఒకే బల్ల మీద బంగాళాదుంపలు తరుగుతూ ఒకరి కడుపులో మాట ఒకరికి చెప్పుకున్నవాళ్ళు. ఒక చలికాలం నోరీన్ కొడుకు గడ్డకట్టిన సరస్సు మీద మంచు పలక విరిగి మునిగి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరి కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది. ఊరికి మాత్రం నడుం నొప్పని చెప్పారు. అసలు సంగతి తెలిసిన ఆర్డిస్ దుఃఖం ఆగక ఒకరోజు భోజనాల దగ్గర మొగుడికి చెప్పి ఏడ్చింది. హార్లన్ పళ్ళెంలోంచి తలెత్తలేదు. వినలేదనే అనుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో తను చెప్పింది అతను విన్నది ఆ ఒక్కసారే.

ఆ ఓటింగుకు ముందు, జూలైలో, పోస్టు డబ్బాలో కరపత్రం వచ్చింది. "కష్టమొస్తే ఆసుపత్రిలో దాక్కున్న మనిషి. ఆమె తట్టుకోగలదా?" కింద హార్లన్ ఫోటో. ఎప్పుడూ కరపత్రాలు ఆర్డిస్ చేతే మడత పెట్టించేవాడు. ఈసారి ప్రెస్సులోనే మడత పెట్టించాడు. ఆమె నిలదీస్తే, "రాజకీయం అన్నాక ఇవన్నీ మామూలే. నీకు తెలీదులే" అన్నాడు.

ఆ ఊళ్ళో కోపం వస్తే అరవరు. వాతావరణం గురించి మాట్లాడతారు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద నోరీన్ ఆమెను చూసి, "ఎండ బాగా కాస్తోంది కదూ" అంది. నాలుగు తిట్టినా ఆర్డిస్ అంత ఏడ్చేది కాదు. ఆ తర్వాత ఫోన్ మోగలేదు.

అక్టోబరులో అవతలి పార్టీ తమ కరపత్రం పంచింది. అదే ఫోటో, అవే మాటలు. పైన మాత్రం ఇంకో వాక్యం కలిపారు: "ఇది మేమంటున్నది కాదు. ఆమె సొంత పార్టీవాడే అన్నాడు." హార్లన్ దాన్ని మురిపెంగా ఫ్రిజ్‌కి అంటించాడు. పార్టీ జిల్లా అధ్యక్షుడు ఫోన్ చేసి బతిమాలాడు. "ఆమె తరఫున ఒక్క మాట చెప్పవయ్యా హార్లన్. మనలో మనం కొట్టుకుని సీటు వాళ్ళ చేతిలో పెడుతున్నాం."

"పోనీ. పోతేగానీ నా విలువ తెలీదు. వచ్చేసారి నా గుమ్మంలోకే వస్తారు" అని ఫోన్ పెట్టేసి, "కాఫీ ఉందా?" అన్నాడు.

అత్తగారు రోజూ ఫోన్లో చెబుతూనే ఉంది, "వాణ్ణిప్పుడేమీ అనకు, అసలే ఓడిపోయి ఉన్నాడు." "నేనేం గెలిచానని?" అనుకుంది ఆర్డిస్, కాఫీ వంచుతూ. కుక్కలున్న ఇళ్ళకీ, తలుపు మొహాన వేసిన ఇళ్ళకీ అతని కోసం తిరిగింది తను. అతనికి పోయింది పార్టీ టికెట్టు. తనకి పోయింది ఈ భూమ్మీద తనతో మాట్లాడే ఒకే ఒక్క మనిషి. దానికి ఎవరూ పరామర్శకు రాలేదు, వంటకాలు పట్టుకుని ఇంటికి రాలేదు, ఈ ఇంట్లో అసలు ఎవరూ గమనించలేదు. రేపు సీటు పోతే పార్టీ అంతా నెత్తీ నోరూ కొట్టుకుంటుంది. ఆ సీటును పడగొట్టింది తన కన్నీళ్ళలోంచి ఏరుకున్న మాటేనని తనొక్కతికే తెలుసు.

కప్పు అతని ముందు పెట్టి, కోటు వేసుకుని బయటికి నడిచింది.

నోరీన్ లోపలి తలుపు తీసింది గానీ జాలీ తలుపు తియ్యలేదు. "గాలి ఎక్కువగా ఉందివాళ" అంది.

"అవును. కరపత్రాలుంటే ఇవ్వు, పంచుతాను."

నోరీన్ జాలీ తలుపు జానెడు తెరిచి ఒక కట్ట అందించింది. "రైలు పట్టాల అవతల వీధులు మిగిలిపోయాయి" అని తలుపు వేసేసుకుంది. లోపలికి రమ్మనలేదు. ఆర్డిస్ వ్యాన్లో కూర్చుని కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పట్టాలు దాటింది.

మొదటి ఇంటి ముసలమ్మ కరపత్రం అందుకుని కళ్ళద్దాలు సర్దుకుంది. "నువ్వు హార్లన్ పెళ్ళానివి కదూ? ఈవిడ తట్టుకోలేదని రాసింది మీ ఆయనే కదుటే?"

"ఆయనే."

"మరి నువ్వేమంటావు?"

ఇన్ని ఎన్నికల్లో, ఇన్ని గుమ్మాల్లో, ఆ ప్రశ్న ఆమెనెవరూ అడగలేదు.

"బిడ్డను పోగొట్టుకుని కూడా లేచి నిలబడ్డ మనిషమ్మా ఆమె. ఓటమి తట్టుకోలేనివాడు మా ఇంట్లో ఉన్నాడు" అంది ఆర్డిస్.

ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ మాట తనకంటే ముందే ఇల్లు చేరుతుందని ఆర్డిస్‌కి తెలుసు. వెళ్ళి పక్కింటి తలుపు కొట్టింది.