చెట్టు కింద డ్యూటీ

డిపోలో అందరూ అతన్ని టైమ్‌టేబుల్ అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఏడో నంబరు బస్సు నడుపుతున్నాడు. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆ పూట తిండి సయించదు. అలాంటి మనిషిని ఏటా జరిగే వైద్యపరీక్షలో కూర్చోబెట్టి, రక్తపోటు నూట డెబ్బై అని తేల్చారు. నూట నలభై దాటితే స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. నెల రోజులు గడువిచ్చి, అందాకా బస్సు ఇంకొకడికి అప్పగించారు. అప్పటికీ దిగకపోతే ఇక స్టోర్‌రూమ్‌లో పాత టైర్ల మధ్య కూర్చోవాల్సిందే.

డాక్టరమ్మ మాత్రలు రాసి, ఇంకో మాట కూడా చెప్పింది. "రోజూ సాయంత్రం అరగంట పార్కులో గడపండి. చెట్ల మధ్య ఉంటే ఊపిరి నెమ్మదిస్తుంది, గుండె కూడా కాస్త కుదుటపడుతుంది."

"అందుకేనేమో కోతులకి బీపీ బిళ్లలు అమ్మరు!" అని గొణుక్కున్నాడు టైమ్‌టేబుల్. గొణుక్కుంటేనేం, సీటు కోసం గడ్డి తినమన్నా తినేవాడే.

మర్నాడు సరిగ్గా ఐదింటికి డిపో వెనక పార్కులో అడుగుపెట్టాడు. పెట్టి ఏం చేశాడంటారా? పార్కుని నడిపాడు! పది పెద్ద చెట్లని పది స్టాపులుగా పంచుకున్నాడు, చెట్టుకి మూడు నిమిషాలు. మహానుభావుడు ఎడమ పక్క గీత తప్పలేదు. ముందు మెల్లగా నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లని చూసి "సైడివ్వండమ్మా, సైడు!" అని కేకేశాడు. ఊతకర్ర పెద్దాయన పక్కనుంచి దాటిపోతే, "రాంగ్‌సైడ్ ఓవర్‌టేకా? ఎవరిచ్చారండీ మీకు లైసెన్సు?" అని తగువేసుకున్నాడు. నాలుగో చెట్టు దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమైందని ఐదో చెట్టుని ఆగకుండా దాటేశాడు.

రెండు వారాలకి చూస్తే నూట డెబ్బై ఆరు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "మీరు చెట్ల కిందకి వెళ్తున్నారా, చెట్ల మీదకి వెళ్తున్నారా?"

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కంచం పక్కకి తోసేశాడు. చివరికి బామ్మర్ది వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే బయటపడ్డాడు. భార్యకి సొంత తమ్ముడు, పదిహేనేళ్లుగా అదే బస్సులో కండక్టరు. వాడి దగ్గర దాపరికం ఎందుకు?

"భయంగా ఉందిరా. ఆ సీటు పోతే ఇక నేనెవర్ని?"

"ముందు నువ్వు పార్కులో వెలగబెడుతున్నదేంటో చూడనీ బావా," అన్నాడు కండక్టరు.

మర్నాడు వచ్చి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి ఆగాక అసలు సంగతి తట్టింది. ఈ మనిషి పదిహేనేళ్లుగా ఎవరో చెబితే తప్ప బండి ఆపి ఎరగడు. తనంతట తాను ఆగడం ఆయనకి చేతనైతే కదా! పార్కులో అందరికన్నా పెద్ద చెట్టు, దాని కింద ఖాళీ బెంచీ. బావ అక్కడికి రాగానే గొంతెత్తి, "హోల్డాన్!" అని అరిచాడు.

టైమ్‌టేబుల్ కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

"కూర్చో. నేను రైట్ అనేదాకా బండి కదలదు."

"ఎందుకురా? ఎవరు దిగాలి?"

"నీ బీపీ!"

మొదటి రోజు ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. మూడో రోజు తల పైకెత్తాడు. ఇన్ని ఆకులా! ఒకటి కదిలితే పక్కది కదలడం లేదు, ఏదీ దేనికోసమూ ఆగడం లేదు, అయినా ఎక్కడా జామ్ లేదు. వింతగా చూస్తూ ఉండిపోయాడు. ఆరో రోజు గుర్రు పెట్టి నిద్రపోయాడు. పక్కన కండక్టరు మాత్రం గడియారం వంక చూసుకుంటూ కాపలా కాశాడు.

గడువు రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చూసింది. నూట ముప్పై నాలుగు! "మాత్రలూ మానకండి, చెట్టూ మానకండి," అంటూ కాగితం మీద సంతకం పెట్టింది. ఐదింటి లోపల ఆ కాగితం మేనేజరుకి అందితే రేపు పొద్దున్న మొదటి ట్రిప్పు టైమ్‌టేబుల్‌దే. అందకపోతే మళ్లీ ఇంకొకడిది. టైమ్ నాలుగున్నర.

కండక్టరు హుషారుగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాదీ చూడండి మేడమ్. మా బావకి నేర్పిన గురువుని!"

నూట అరవై ఎనిమిది.

"నిద్ర పడుతోందా మీకు?" అని అడిగింది డాక్టరమ్మ.

కండక్టరు నేల చూపులు చూశాడు. "నెల రోజుల్నించీ లేదండీ. బావని స్టోర్‌రూమ్‌లో పడేస్తారేమో, నాకింకెవరినో శాశ్వతంగా అంటగడతారేమోనని..."

డాక్టరమ్మ వాడికీ మాత్రలు రాసింది. టైమ్‌టేబుల్ తన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కాడు. బయటికొచ్చి బామ్మర్ది చెయ్యి పట్టుకుని పార్కు వైపు తిరిగాడు.

"డిపో అటు బావా! ఐదింటికి మేనేజరు వెళ్లిపోతాడు. రేపు నీ బస్సు ఇంకొకడికిచ్చేస్తాడు!"

"ఇవ్వనీ. బస్సు నడపడానికి డిపోలో అరవై మందున్నారు. నాకు బామ్మర్దివి నువ్వొక్కడివే."

కండక్టరు గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు. బెంచీ మీద కూలబడ్డాక ముక్కు ఎగబీల్చి, "అక్కకి చెప్పకు," అన్నాడు.

"చెప్పనులే. ముందు నువ్వు ఊపిరి పీల్చు."