సున్నం పట్టీ బొంగులు

కర్రకు కులం లేదు, మతం లేదు. బరువు మాత్రం ఉంది. నలభై ఏళ్ళుగా నా దగ్గర పనిచేసిన ప్రతి వడ్రంగికీ ఈ మాట చెప్పి విసిగించాను. నా నోరు మంచిది కాదని బొబ్బిలి చుట్టుపక్కల అందరికీ తెలుసు. సీమోను చేత పని చేయించుకోవాలంటే ముందు చెవుల్లో దూది పెట్టుకోవాలంటారు.

తుపానుకు కప్పు ఎగిరిపోయిన మా ఊరి చర్చికి ఆరు ట్రస్సులు చేశాను. ఒక్కొక్కటీ గుగ్గిలం కర్రతో బిగించిన ముక్కోణపు చట్రం. ఆ ఉదయం క్రేనుతో నాలుగింటిని గోడల మీద నిలబెట్టాం. కప్పు పడేదాకా ట్రస్సు పక్కకు ఒరిగితే ఆపేదేమీ ఉండదు. అందుకే మొదటిదానికి చర్చి వెనకవైపు నుంచి రెండు పొడవాటి వెదురు బొంగులు ఏటవాలుగా ఊత కట్టి, మిగతా మూడింటినీ దానికే కట్టాను. ఆ బొంగుల్ని ఎవరూ ముట్టకూడదని వాటికి సున్నంతో పట్టీ వేశాను. ఆ గుర్తు మా పనివాళ్ళకు తెలుసు. ఊరికి తెలియదు.

ఇంతలో క్రేనువాడు ఇంకోచోట పనుంది, పోయి వస్తానన్నాడు. వాడితో గొడవ పడుతుండగా మా చెల్లెలు ఏసమ్మ వచ్చింది. పనికి వచ్చినవాళ్ళ భోజనాలకు వేస్తున్న పందిరికి రాటలు తక్కువయ్యాయి, వెనకున్న బొంగులు తీసుకెళ్ళనా అని అడిగింది.

"అట్టుకెల్లవే, నా బుర్ర తినకు," అన్నాను. తల తిప్పి చూడలేదు.

మధ్యాహ్నానికి క్రేను వెళ్ళిపోయింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఏసమ్మ కొడుకు జాన్ ఒక్కడే, బోల్టులు బిగించి వస్తానని పైన ఉండిపోయాడు. సాలూరు కొండల వైపు ఆకాశం నల్లబడింది. పందిరి గుడ్డ ఒకసారి ఉబ్బి, టపామని పడింది. కూర్చోబోతూ పక్కనున్న రాట పట్టుకున్నాను. అరచేతికి సున్నం అంటింది.

ఎదుటి రాటకూ పట్టీ ఉంది.

అరిస్తే పైనున్న జాన్ ఉలిక్కిపడతాడు. వాడు కదిలితే నాలుగూ కదులుతాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించుకుని, నిచ్చెన కిందికి నడిచి వెళ్ళాను.

"ఒరే జాన్, పని సాలు. పానా అక్కడే వదిలీసి, నెమ్మదిగా నిచ్చెన మీదికి రా."

"ఏటైనాది మావా?"

"అన్నం సల్లారిపోతంది."

నేనంత మెత్తగా మాట్లాడేసరికి వాడికి భయం వేసినట్టుంది. పానా వదిలేసి దిగాడు. వాడి పాదం నేలకు తగిలిందో లేదో, గాలి వచ్చింది. మొదటి ట్రస్సు కునికిపాట్లు పడే ముసలాడిలా మెల్లగా ముందుకు ఒరిగింది. వాడి చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చాను. వెనక నేల నాలుగుసార్లు అదిరింది.

దుమ్ము తగ్గాక చూస్తే నిచ్చెన రెండు ముక్కలై ఉంది. పాస్టరుగారు మాయదారి గాలి అన్నారు, దేవుడే కాపాడాడన్నారు. అందరూ అవునన్నారు. ఏసమ్మ మాత్రం కొడుకు చొక్కా గుప్పిట పట్టుకుని, నా అరచేతినీ పందిరి రాటల్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ తాళ్ళు నా సేతుల్తోనే ఇప్పినానన్నియ్యా," అంది చివరికి.

గాలి మీదికి పోయిన తప్పును అలాగే పోనివ్వచ్చు. ఎవరూ నన్నడగరు. కానీ నా చెల్లెలు మాత్రం బతికినన్నాళ్ళూ ఆ చేతుల్ని చూసుకుంటూ ఏడుస్తుంది.

"నువ్వు నన్నడిగే ఇప్పినావే," అన్నాను, ఊరంతటికీ వినపడేలా. "నానే సూడనేదు."