తోడుపెళ్ళికూతురి పిన్నీసు

నేను ఒక పిన్నీసును. బాగా అలసిపోయిన పిన్నీసును. నా వెన్ను కాస్త వంగింది, మెడ దగ్గర తుప్పు మొదలైంది, మూసుకున్నానంటే మళ్ళీ తెరుచుకోవడానికి ఎవరో ఒకరు పళ్ళతో లాగాలి. అయినా నన్ను పారెయ్యరు. ఇంట్లో కొత్త పిన్నీసులు అట్టలకొద్దీ ఉన్నా సరే, పని పడిందంటే "ఆ పాతదేదే, గట్టిగా పడుతుంది" అని నన్నే వెతుకుతారు. గట్టిగా పట్టుకోవడం ఇంత పాపమని పుట్టినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. తీగ ముక్కగా ఉన్నదాన్ని ఒక యంత్రం మెడలు వంచింది. ఇంకో యంత్రం ఒక కొసకి పదునైన మొన చెక్కింది. మూడోది ఆ మొన ఎవరికీ గుచ్చుకోకుండా టోపీ పెట్టింది. ముందు పదునుపెట్టి, తర్వాత తల దాచుకోమనడం ఏం తెలివో నాకు అర్థం కాలేదు. ఆడపిల్లలకి చదువు చెప్పించే ఇళ్ళు కొన్ని చూశాక కొంచెం అర్థమైంది. తర్వాత నన్నూ నా తోబుట్టువుల్నీ ఒక అట్టకి గుచ్చి ఫ్యాన్సీ షాపులో వేలాడదీశారు.

నన్ను కొన్నావిడ పేరు సింహాచలమ్మ. అనకాపల్లి దగ్గర వాళ్ళ ఊరు. ఆవిడ నన్ను తన పుస్తెలతాడుకి తగిలించుకుంది. అక్కడ నాకు స్థానం గొప్పదే కానీ ఉద్యోగం మాత్రం అడ్డమైన చాకిరీ. లంగాకి బొందు ఎక్కించాలి. వాళ్ళాయన అరికాల్లో ముల్లు తియ్యాలి. తెగిన చెప్పుని ఇంటిదాకా పట్టి ఉంచాలి. పప్పు తిన్నాక పళ్ళ సందున పని కూడా నాదే. కూతురు ఈశ్వరి చదువుకి విశాఖపట్నం హాస్టలుకి వెళ్తున్నప్పుడు, ఆవిడ బస్సు దగ్గర తాడు నుంచి నన్ను తీసి పిల్ల చున్నీకి గుచ్చింది. అలా నేను చేతులు మారాను.

హాస్టల్లో ఈశ్వరి గదిలోనే హైమావతి ఉండేది. సన్నగా, నవ్వుమొహంతో ఉండే పిల్ల. చిన్నతనం నుంచీ ఆమెకి సుగరు. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు, రోజూ సూది వేసుకోవాల్సిన రకం. ఒకరోజు మధ్యాహ్నం క్లాసులో హైమకి చెమటలు పట్టి, అడిగినదానికి పొంతనలేని జవాబులు చెప్పసాగింది. అందరూ నవ్వారు. ఈశ్వరి కూడా నవ్వింది. హైమ బెంచీ మీద నుంచి ఒరిగిపోయాక ఎవరూ నవ్వలేదు. సూది వేసుకుని తిండి ఆలస్యం చేస్తే సుగరు పడిపోతుందనీ, అప్పుడు వెంటనే తీపి పెట్టకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఈశ్వరి సంచిలో గ్లూకోజు పాకెట్టు లేని రోజు లేదు. "ఎలా ఉందే?" అని అడిగేది కాదు. ఊరికే వచ్చి చెయ్యి పట్టుకునేది. చల్లగా ఉంటే నోట్లో పెట్టేసేది. ఆ సంచి జిప్పు పాడైతే దాని కాపలా కూడా నాకే పడింది.

తర్వాత హైమకి సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు శ్రీహరి, శ్రీకాకుళంలో ఉద్యోగం. హైమ మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడే సంగతంతా చెప్పేసింది. అతను మంచివాడే. "నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంట్లో ఇప్పుడు చెప్పకు. మా నాన్నమ్మ వింటే సంబంధం వద్దంటుంది. పెళ్ళయ్యాక నేను నెమ్మదిగా చెప్తాను" అన్నాడు. హైమ ఒప్పుకుంది. మంచివాళ్ళ భయాన్ని మోసేది మాత్రం ఎప్పుడూ పక్కవాళ్ళే. ఈసారి ఆ బరువుతోనే హైమ పట్టుచీర కట్టుకుని పీటల మీద కూచోవాలి.

పెళ్ళికి ఈశ్వరే తోడుపెళ్ళికూతురు. పెళ్ళిళ్ళలో ఆ పదవి ఎంత తేలిగ్గా కనిపిస్తుందో అంత బరువు. కుచ్చిళ్ళు సర్దాలి. పూలజడ బరువుకి పెళ్ళికూతురి మెడ వెనక్కి వాలకుండా చెయ్యి అడ్డం పెట్టాలి. చెమట అద్దాలి, కాటుక చెదిరితే తుడవాలి, బాత్రూంకి వెళ్తే ఆరు గజాల చీర ఎత్తి పట్టుకోవాలి, ఎవరో ముసలావిడ వచ్చి "నన్ను గుర్తుపట్టేవా?" అంటే చెవిలో పేరు అందించాలి. ఇంతా చేశాక ఫోటోలో సగం మొహం పడుతుంది. తెల్లవారగానే ఈశ్వరి చీర మడతలన్నీ హైమ భుజం మీదికి తెచ్చి, నన్ను గుచ్చి, "కదలకు" అంది. నాతోనో హైమతోనో తెలియలేదు. ఇద్దరం కదల్లేదు.

అసలు చిక్కు అప్పటికే మొదలైంది. హైమ పొద్దున్న సూది వేసుకుని ఇడ్లీ ప్లేటు ముందు కూచుంది. అప్పుడే మేనత్త అప్పలనరసమ్మ గదిలోకి వచ్చింది. తల్లిలేని హైమని పెంచింది ఆవిడే, సూదుల సంగతి మాత్రం ఎప్పుడూ తండ్రే చూసుకునేవాడు. ప్రాణం పెట్టే మనిషి. ఆ ప్లేటు చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"గౌరీపూజ అవకుండా ఎంగిలి పడతావేటే? ముహూర్తం దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు!"

"అత్తా, దానికి సుగరు కదా, సూది వేసేసుకుంది" అంది ఈశ్వరి.

"అదే సెప్తన్నాను. మీ మావయ్యకి సుగరొస్తే డాక్టరు ఏటన్నాడు? అన్నం తగ్గించమన్నాడు. సుగరున్నోలు ఎంత పస్తుంటే అంత మంచిది. నీకేటి తెలుసు, ఊరుకో."

ప్లేటు వెళ్ళిపోయింది. ఇదీ ప్రేమ చేసే తప్పు. పిల్ల ఒంటినిండా బంగారం పెట్టారు, పట్టు చుట్టారు, తలనిండా పూలు పెట్టారు, కడుపులోకి మాత్రం ఏమీ పెట్టలేదు. ఈశ్వరి బీరువా తలుపు తెరిచి, దాని చాటున అరటిపండు సగం తినిపించింది. మిగతా సగం తినిపించేలోగా "పిల్లని తీసుకురండి" అని కేక. గ్లూకోజు సంచి భుజానికి తగిలించుకోబోతుంటే అప్పలనరసమ్మ లాగేసుకుంది.

"పెళ్ళికి పోతూ పిల్లిని సంకనెట్టుకున్నట్టు ఆ సంచేటి? ఫోటోల్లో పడతాది." దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, భోజనాల సంగతి చూడ్డానికి వెళ్ళిపోయింది.

గౌరీపూజ సాగింది. ఆ తర్వాత పీటలు. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య తెర పట్టారు. అటు శ్రీహరి, అతని వెనక వాళ్ళ నాన్నమ్మ పైడమ్మ, ఆ పక్షం చుట్టాలు. ఇటు మేము. నేను హైమ భుజం మీద ఉన్నాను కాబట్టి అందరికన్నా ముందు నాకే తెలిసింది. నేను పట్టుకున్న గుడ్డ వణకసాగింది. మొదట మేళం అదురు అనుకున్నాను. మేళం ఆగాక కూడా వణుకు ఆగలేదు. రవికె తడిసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోలేకపోయాను, చెబుదామంటే నాకు నోరు లేదు, ఉన్నా వినేవాళ్ళు లేరు. ఆ నిమిషంలో తుప్పుపట్టినందుకు కాదు, మాట రానందుకు ఏడుపొచ్చింది.

ఈశ్వరి అలవాటుగా హైమ చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది. వెంటనే ఒకమ్మాయిని తాళంచెవి కోసం పరుగెత్తించింది. ఈలోగా పురోహితుడు తమలపాకులో జీలకర్రా బెల్లం ముద్ద పెట్టి హైమ చేతికిచ్చి, "నేను చెప్పగానే అబ్బాయి తల మీద పెట్టాలమ్మా" అన్నాడు. హైమ తల ఊపింది. ఊపి, "బస్సు వచ్చిందా?" అని అడిగింది.

ఈశ్వరి ఆ ముద్ద వైపు వేలు చూపించింది. "హైమా, అది తిను" అంది చెవిలో.

హైమకి ఆ మాట మాత్రం అర్థమైంది. "వద్దే. తెలిసిపోతుంది. పెళ్ళి ఆగిపోతుంది" అని గొణిగింది.

"నువ్వు ఆగిపోతే ఏం చెయ్యను? తిను!"

ఈశ్వరి ఆకు లాక్కుంది. ముద్ద ముద్దంతా వేళ్ళతో తీసి హైమ నోట్లో కుక్కింది. హైమ నమిలింది. మళ్ళీ కుక్కింది. సరిగ్గా అప్పుడే అప్పలనరసమ్మ వచ్చింది.

"ఓలమ్మో! అది తినీది కాదే! మొగుడి నెత్తి మీద ఎట్టీది!"

మేళం వాళ్ళు కూడా ఆ కేకకి ఆగిపోయారు. తెర పట్టుకున్న ఒకాయన చెయ్యి జారి తెర కిందికి వాలింది. అటువైపు చుట్టాలందరికీ పెళ్ళికూతురి మూతి మీద బెల్లం కనిపించింది. పైడమ్మ లేచి నిలబడింది. "ఏటయింది పిల్లకి?" అంది.

పురోహితుడు గడియారం చూసుకుని, ముహూర్తం ఇంకా దాటలేదన్నట్టు చెయ్యి ఆడించాడు. ఈశ్వరి హైమ వీపు నిమురుతూనే ఉంది. నా కింద గుడ్డ కొంచెం కొంచెంగా కుదుటపడింది. హైమ మూతి తుడుచుకోలేదు. తల ఎత్తింది.

"నాకు సుగరుందండీ. చిన్నప్పట్నుంచీ ఉంది. రోజూ ఇంజక్షన్ వేసుకోవాలి. ఇవాళ వేసుకుని తినలేదు, అందుకే ఇలా అయ్యింది. మీకు ముందే చెప్పాల్సింది."

శ్రీహరికి తెలుసన్న మాట ఆ పిల్ల నోట రాలేదు. ఎంత ఉక్రోషం వచ్చిందో నాకు, మూత ఊడిపోయి ఎవర్నైనా గుచ్చుదామా అనిపించింది. శ్రీహరి తన చేతిలోని ఆకు వైపే చూస్తున్నాడు. పైడమ్మ మనవడి వైపు చూసింది.

"నాకు తెలుసు నాన్నమ్మా" అన్నాడు చివరికి. "తను మొదటిరోజే చెప్పింది. నేనే దాచమన్నాను."

అని తన ఆకులోని ముద్దని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క హైమ ఆకులో పెట్టాడు. పైడమ్మ కూచుని, "తెర ఎత్తండి. గుంటకి ముందు తినడానికేటైనా తెండి, సూస్తారేటి?" అంది. తాళంచెవి పట్టుకుని నిలబడ్డ అప్పలనరసమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. "నాను సంపేద్దును గదే నిన్ను" అంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. హైమే ఆవిణ్ణి ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత పెళ్ళి మామూలుగా జరిగిపోయింది. మధుపర్కాలు కట్టుకునే వేళ నన్ను తీసేసి ఈశ్వరి తన గాజుకి తగిలించుకుంది. ఇక నా పని అయిపోయిందని కళ్ళు మూసుకున్నాను.

అప్పగింతలు మొదలయ్యాయి. హైమ చేతులు పాలలో ముంచి, తండ్రి వాటిని శ్రీహరి వాళ్ళ పెద్దల చేతుల్లో పెట్టాడు. అందరూ ఏడ్చారు. అయిపోయిందనుకుని లేవబోతుంటే పైడమ్మ ఆపింది. ఈశ్వరిని వేలితో చూపించి, "ఆ అమ్మి అప్పగించలేదు కదా. దాన్నీ రమ్మనండి" అంది.

ఈశ్వరి వచ్చి శ్రీహరి ఎదురుగా నిలబడింది. ఏం అప్పగించాలో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బీరువాలోంచి తెచ్చుకున్న సంచిలోంచి గ్లూకోజు పాకెట్టు తీసింది.

"బావగారూ, ఎలా ఉందని అడక్కండి, బాగానే ఉందంటుంది. చెయ్యి పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే మాట్లాడకుండా పెట్టేయండి. వద్దన్నా పెట్టేయండి."

"సరే" అన్నాడు శ్రీహరి. పాకెట్టు అందుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడ్డాడు. పంచెకి జేబుండదు, కండువాకీ ఉండదు. ఈశ్వరి గాజు నుంచి నన్ను పళ్ళతో లాగి తెరిచింది. పాకెట్టు కొసని కండువాకి చేర్చి నన్ను గుచ్చి మూసింది. మూసిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. అన్నేళ్ళలో ఈశ్వరి ఏడవగా నేను చూడలేదు. అప్పుడు చూశాను.

ఇప్పుడు కారులో వెళ్తున్నాం. ఒళ్ళంతా నొప్పులు. కాసేపు కునుకు తీద్దామంటే కుదరడం లేదు. ఈ శ్రీహరి నిమిషానికోసారి నన్ను తడుముకుంటున్నాడు, ఆ వెంటనే పక్కకి చెయ్యి చాపి హైమ చెయ్యి పట్టుకుంటున్నాడు. "వెచ్చగానే ఉందండీ" అని హైమ నవ్వుతోంది. అతను ఆ మాట నమ్మడం లేదు, మళ్ళీ పట్టుకుని చూస్తున్నాడు.