సగం బొమ్మల పాఠం

ఆఫీసులో అతన్ని అందరూ కుదింపు మాస్టారు అంటారు. అతను పాఠం చెప్పిన పాపాన పోలేదు. ఇతరులు చెప్పిన పాఠాల వీడియోలు ఇంటర్నెట్‌లో ఆగకుండా నడిచేలా కుదించడమే అతని పని. ఒక్కో పాఠానికి ఆరు కాపీలు చేస్తాడు. పెద్ద టీవీకి బరువైనది, సిగ్నల్ అందీ అందని ఫోనుకి తేలికైనది. ఆ తేలిక కాపీకి అతనిదొక ఉపాయం. వీడియోలో సెకనుకు నడిచే పాతిక బొమ్మల్లో సగం తీసేసి, మిగిలిన బరువంతా బోర్డు మీది అక్షరాలకు పెడతాడు. చెప్పేవాళ్ల పెదాలు కాస్త అటూ ఇటూ అయినా అడిగే నాథుడు లేడు.

అతని చెల్లెలికి పుట్టుకతో వినపడదు. వినపడని పిల్లలకు సైగల భాషలో లెక్కలు చెబుతుంది. ఆమె పాఠాలు ఆఫీసులో పెట్టించింది అతనే. పది పాఠాలు వెళ్లాయి. పిల్లలు రెండేసి నిమిషాలు చూసి వెళ్లిపోతున్నారు. శుక్రవారం దాకా చూసి ఎత్తేస్తామని మేనేజరు తేల్చేశాడు. తప్పంతా తనదేనని చెల్లెలు కుమిలిపోయింది. రెండుసార్లు మళ్లీ రికార్డు చేసింది. అద్దం ముందు సాధన చేసీ చేసీ మణికట్లు వాచాయి.

బుధవారం మధ్యాహ్నం అతను వాళ్లింటికి వెళ్లాడు.

"అన్నయ్యా, నువ్వే చెప్పు, ఎక్కడ చెడగొడుతున్నాను?" అని సైగ చేసి, తన పాత ఫోను అతని చేతిలో పెట్టింది.

ఆ గదిలో సిగ్నల్ ఒక్క గీతే ఉంది. తెర మీదికి తేలిక కాపీ వచ్చింది. చెయ్యి ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతోంది. వేళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మధ్యలో ఉండాల్సిన కదలికే లేదు. చెప్పింది తనే కాబట్టి ఆమెకు మాత్రం అంతా అర్థమవుతోంది. పిల్లల ఫోన్లకు అందుతున్నదీ ఇదేనని, ఇది తన ఉపాయం చేసిన పనేనని అతనికి తెలిసొచ్చింది.

పనుందని చెప్పి ఆఫీసుకు పరుగెత్తాడు. బొమ్మల సైజు తగ్గించినా ఒక్కటీ తీసెయ్యకుండా, బరువంతా చేతులకే పెట్టి అన్ని పాఠాలూ మళ్లీ కుదించాడు. శుక్రవారానికి పిల్లలు చివరిదాకా చూస్తున్నారు.

"మీ చెల్లెలు దారిలో పడిందండీ!" అన్నాడు మేనేజరు.

చెల్లెలూ అదే నమ్మింది. పడ్డ కష్టం ఊరికే పోలేదని మురిసిపోయింది. అతను నోరు మెదపకపోతే విషయం అక్కడితో సరి. కానీ ఆ మురిపెం చూడలేకపోయాడు. సాయంత్రం ఆమె ఎదురుగా కూర్చుని, జరిగిందంతా సైగల్లో చెప్పేశాడు.

"పంపేముందు ప్రతి కాపీ ఓ నిమిషం చూడాలనేగా మీ ఆఫీసు రూలు? చూడలేదా?" అని ఆమె సైగ చేసింది.

"హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మాటే లేదు కదా, ఇంక చూసేదేముందని దాటేశాను."

ఆమె చేతులు ఒళ్లో పడిపోయాయి. కాసేపటికి మళ్లీ లేచాయి.

"చిన్నప్పుడు ఇంట్లో అందరూ నేను చెబుతుంటే సగంలోనే మొహం తిప్పేసుకునేవాళ్లు. చివరిదాకా చూసేది నువ్వొక్కడివే."

అతనికి సిగ్గేసింది. తల దించుకోబోయాడు. దించుకుంటే ఆమె ఇంకేం చెబుతుందో తెలియదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు.