అంతా గ్యాసే

బానెట్ కింద దూరిన ఏసీ మెకానిక్‌కి చెమట కళ్ళలోకి కారుతోంది. వచ్చిన ప్రతి కారునూ చల్లబరుస్తాడని అతనికి షెడ్డులో చల్లనయ్య అని పేరు పెట్టారు. ఆ రేకుల కింద అతనికో ఫ్యాను పెట్టించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

టాక్సీ డ్రైవరు పక్కనే నిలబడి ప్రాణం తోడేస్తున్నాడు.

"తొందరగా కానియ్ అన్నా. చల్లగాలి రావట్లేదని నిన్నొకాయన సగం దారిలో దిగిపోయాడు. ఇంకో ఫిర్యాదు వెళ్తే కంపెనీవాళ్ళు నన్ను తీసేస్తారు."

"ఇంతకుముందు ఏం గ్యాసు పట్టించావు?"

"ఏం గ్యాసేంటి? గ్యాసే."

ఇదీ వరస. ఏదైనా గ్యాసే, అంతా గ్యాసే. ఏ సిలిండరులో ఏముందో పైన రంగు చూసి తేల్చేస్తారు. ఆ రంగు డబ్బా, బ్రష్షూ ఉండేది ఓనరు గదిలో. లోపలున్నదేమిటో పట్టిచ్చే మిషనూ ఉంది గానీ, దాంతో పని ఆలస్యమని ఓనరు దాన్ని బీరువాలో పడేశాడు.

చల్లనయ్యకు ఒళ్ళు మండింది. వెళ్ళి మిషను తెచ్చి, దాని గొట్టం టాక్సీ ఏసీ పైపుకి తగిలించాడు. కాసేపటికి అది కీచుమంటూ ఎర్రలైటు వెలిగించింది. లోపలున్నదాంట్లో సగానికి పైగా వంటగ్యాసు.

"ఎవడు నింపాడిది?"

"మీ ఓనరే. నువ్వు సెలవులో ఉన్నావు. బాగానే చల్లబడింది, తర్వాత తగ్గిపోయింది."

"చల్లబడుతుంది. అంటుకుంటుంది కూడా. మరి తగ్గిందంతా ఎటు పోయింది?"

చల్లనయ్య కారులోకి వంగి, గాలి వచ్చే జాలీ దగ్గర ముక్కు పెట్టాడు. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోతే వంటింట్లో వచ్చే వాసన.

"లోపలికే కారుతోంది."

డ్రైవరు బిక్కమొహం వేశాడు. "ఏదో కుళ్ళిందనుకుని రోజూ సెంటు కొడుతున్నాను."

ఇంతలో ఓనరు వచ్చాడు. "ఏంట్రా పంచాయితీ?"

"పాతదంతా జాగ్రత్తగా తీసెయ్యాలి సార్. కారేచోటు బాగుచేసి, అసలు గ్యాసు పట్టాలి. ఇవాళ అయ్యే పని కాదు."

"నువ్వు గ్యాసు కొట్టకు. ఇంటింటా పొయ్యి కింద ఉండేదేగా. మీ ఆవిడ వండట్లేదా దాంతో?"

"వండుతుంది. పైపు కోసి పక్కన పడుకోదు."

ఓనరు నవ్వలేదు. "ఆ నీలం సిలిండరు తగిలించు. లేదా బట్టలు మార్చుకుని పో."

చల్లనయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ వయసులో ఇంకో షెడ్డు గుమ్మం ఎక్కి పని అడగాలంటే తల కొట్టేసినట్టుంటుంది. అయినా అతనికి ఓనరు కంటే డ్రైవరు మీదే ఎక్కువ కోపం వచ్చింది. అంతా విని కూడా వాడింకా బతిమాలుతున్నాడు.

"నింపెయ్ అన్నా. ఇవాళ్టికి గడిస్తే చాలు. సాయంత్రం స్కూలు ట్రిప్పుంది. పిల్లలు ఉక్కకి ఆగరు. మా పాప కూడా వాళ్ళతోనే వస్తుంది."

చల్లనయ్య మిషను గొట్టం విప్పి కింద పడేశాడు. స్టీరింగు దగ్గరున్న తాళంచెవి లాగి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"నింపను. బండీ ఇవ్వను."

"అది నా బండి," అన్నాడు డ్రైవరు. "ఇటివ్వు తాళం."

"ఇవ్వను."

డ్రైవరు అతని మణికట్టు పట్టుకుని, బిగించిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.